వేలు వంగుతోంది కదా, విరగలేదులే అనుకోవద్దు

వేలికి దెబ్బ తగిలితే మన దగ్గర అందరూ అడిగేది ఒక్కటే: "వంగుతోందా?" వంగితే బెణుకే అని తేల్చేస్తారు. క్యాచ్ పట్టేటప్పుడు బంతి కొసకు తగిలిన నా ఉంగరపు వేలు చక్కగా వంగింది. అయినా ఎముక విరిగింది. వేలిని కదిపే ముఖ్యమైన కండరాలు ముంజేతిలో, అరచేతిలో ఉంటాయి. అక్కడి నుంచి వచ్చే టెండన్లు తాళ్లలా ఎముకలను లాగుతాయి. ఆ తాడు బాగుంటే, పగిలిన ఎముక కూడా కదులుతుంది.

వాపు, కమిలిన రంగు చూసి కూడా తేల్చలేం. బెణుకుకూ అవి వస్తాయి. నొప్పి సరిగ్గా ఎక్కడుందో వెతకాలి. పెన్సిల్ వెనక ఉండే రబ్బరుతో ఎముక పొడవునా మెల్లగా నొక్కుకుంటూ రండి. మామూలు దెబ్బైతే నొప్పి చుట్టూ పరుచుకుని ఉంటుంది. బెణుకైతే కణుపుకు పక్కల ఎక్కువ. ఎముక మీద ఒకే చోట ప్రాణం పోయినట్టుంటే ఎముక విరిగిందేమోనని అనుమానించాలి. వేలి కొసను పట్టుకుని అరచేతి వైపు నిలువుగా నెట్టినప్పుడు, మీరు ముట్టుకోని చోట లోపల పోటు పుట్టినా అంతే.

తర్వాత రెండు చేతుల వేళ్లూ సగం ముడిచి గోళ్ల వైపు నుంచి చూడండి. ముడిచిన వేళ్లన్నీ మణికట్టు దగ్గర, బొటనవేలి మొదలు వైపే చూస్తాయి. ఒక వేలు పక్కదాని మీదకి ఎక్కినా, ఒక గోరు మిగతావాటికంటే పక్కకు తిరిగినా ఎముక మెలితిరిగి విరిగిందని అర్థం. చాపినప్పుడు ఈ తేడా కనిపించకపోవచ్చు. అలాగే అతుక్కుంటే జీవితాంతం పిడికిలి సరిగా పడదు. అందుకే దీన్ని ఒక్కరోజు కూడా వాయిదా వేయకూడదు.

నా వేలి సంగతి వేరు. చివరి కణుపు దగ్గర కొస వాలిపోయింది. రెండో చేత్తో ఎత్తితే లేస్తుంది, వదిలితే మళ్లీ పడిపోతుంది. దీన్ని మ్యాలెట్ ఫింగర్ అంటారు. కొసను చాపే టెండన్ తెగినా, అది అతుక్కున్న చిన్న ఎముక ముక్కను ఊడబెరుక్కుని వచ్చినా ఇలా అవుతుంది. నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, అందుకే చాలామంది ఆలస్యం చేస్తారు. మధ్య కణుపు చాపలేకపోయినా వెంటనే చూపించుకోవాలి.

ఎక్స్‌రే చెయ్యి మొత్తానికి తీస్తే పక్క నుంచి చూసే ఫిల్ములో వేళ్లు ఒకదాని మీద ఒకటి పడి చిన్న ముక్క దాగిపోతుంది. దెబ్బ తగిలిన వేలికి విడిగా, ముందు నుంచి, ఏటవాలుగా, సరిగ్గా పక్క నుంచి తీయించాలి. నా ముక్క పక్క నుంచి తీసినదాంట్లోనే కనిపించింది. ముక్క కీలు ఉపరితలంలో మూడో వంతు దాటినా, కణుపు జారినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. నాది చిన్నది కాబట్టి స్ప్లింట్, అంటే వేలిని కదలకుండా పట్టి ఉంచే తొడుగు, సరిపోయింది.

స్ప్లింట్ చివరి కణుపును మాత్రమే నిటారుగా ఉంచాలి, మధ్య కణుపు ఆడుతూ ఉండాలి. లేకపోతే అది బిగుసుకుపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు, రాత్రీ పగలూ. మధ్యలో కొస ఒక్కసారి వాలినా అతుకు సాగి, లెక్క మొదటి నుంచి వేయాల్సి రావచ్చు. కడగడానికి తీసేటప్పుడు వేలిని బల్ల మీద బోర్లా పరిచి, కొసను ఎత్తకుండా, వాల్చకుండా స్ప్లింట్ జార్చాలి. తడి బట్టతో తుడిచి, బాగా ఆరనిచ్చి మళ్లీ తొడగాలి. తడి మీద తొడిగితే చర్మం నానిపోతుంది. కణుపు మీది చర్మం తెల్లబడితే వేలు మరీ వెనక్కి వంగిందని అర్థం, స్ప్లింట్ సరిచేయించాలి. ఆ ఆరు నుంచి ఎనిమిది వారాలు నిండాక, మరికొన్ని వారాలు రాత్రిపూట మాత్రమే తొడగాలి.

దెబ్బ తగలగానే చేయాల్సిన పని ఉంగరం తీయడం. వాపు ఎక్కితే సబ్బుకూ రాదు, కోయించాల్సిందే. ఐసును గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచండి. నూనె రాసి గట్టిగా రుద్దడం, "లాగితే సర్దుకుంటుంది" అని ఎవరైనా వేలు పట్టుకోవడం అస్సలు ఒప్పుకోవద్దు. పుత్తూరు కట్టుకు వెళ్లాలనుకున్నా ముందు ఎక్స్‌రే తీయించుకుని వెళ్లండి.

మొద్దుబారినా, గోరు నొక్కి వదిలాక రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రాకపోయినా, ఎముక ఉన్నచోట చర్మం చీలినా, నలిగి గోరు ఊడినా అత్యవసర విభాగానికే వెళ్లాలి. ఇవేవీ లేని మామూలు దెబ్బ రెండు మూడు రోజుల్లో స్పష్టంగా తగ్గుముఖం పడుతుంది. పట్టకపోతే ఎక్స్‌రే తీయించండి.

స్ప్లింట్ తీసేశాక నా కొస ఇంకా కాస్త వాలే ఉంటుంది, కణుపు మీద చిన్న బుడిపె మిగిలింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి, బకెట్ పట్టుకోవడానికి అది అడ్డు కాదు.