గుండు గాడి కాలు

ఈ వేసవిలో ఓషన్ సిటీ బీచ్‌కి వెళ్లినప్పుడు మా అమ్మాయి పేచీ పెట్టి మరీ హెర్మిట్ క్రాబ్ (ఖాళీ గుల్లలో కాపురముండే పీత) కొనిపించింది. పేరు గుండు. నెల తిరక్కుండానే ఒక ఉదయం చూస్తే ఇసుక మీద ఊడిపోయిన కాలు, ఎండు మిరపకాయ తొడిమలా. పిల్ల ఒకటే ఏడుపు.

తప్పు మాదే. కొన్నప్పుడు ఇచ్చిన వైరు పంజరంలోనే ఉంచేశాం. నేల మీద తిరిగేదైనా ఇది ఊపిరి తీసేది మొప్పలతోనే. గాలిలో తేమ లేకపోతే మెల్లగా ఉక్కిరిబిక్కిరవుతుంది. పైగా క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు పోశాం. ఆ రోజే గాజు తొట్టి, మూత, తేమ కొలిచే మీటర్ తెచ్చాం. తేమ 80 శాతం, వేడి 80 డిగ్రీల ఫారెన్‌హీట్. అడుగున గుండు ఎత్తుకి మూడింతల తడి ఇసుక. రెండు గిన్నెల్లో నీళ్లు, ఒకటి మంచివి, ఒకటి ఉప్పువి. వంటింటి ఉప్పు పనికిరాదు, సముద్రపు చేపల అక్వేరియంలకి వాడే ఉప్పే వేయాలి.

భీమవరం నుంచి మా అత్తయ్యగారు వీడియో కాల్‌లో చూసి, "ఇగురు పెట్టుకునేదానికి వైద్యమేంటమ్మా!" అని పడీపడీ నవ్వారు.

తర్వాత గుండు ఇసుకలోకి దూరిపోయాడు. ఆరు వారాలు! తవ్వి చూద్దామని చేతులు ఒకటే దురద. కానీ కుబుసం విడిచేటప్పుడు కదిపితే ప్రాణానికే ముప్పు. రోజూ మూత తీసి వాసన చూసేదాన్ని, చచ్చిపోయి ఉంటే కుళ్లిన చేపల కంపు కొడుతుంది కదా. తడి మట్టి వాసనే.

మొన్న రాత్రి నీళ్ల గిన్నె దగ్గర కనిపించాడు. ఊడిన చోట కొత్త కాలు, మిగతావాటి కంటే చిన్నది, లేత రంగులో.