పూత చూశాకే పొడపత్రి

మధురవాడలో మా వీధి చివరి ఖాళీ స్థలం కంచె మీద ఒక తీగ దట్టంగా అల్లుకుని ఉండేది. పాడేరు వైపు నుంచి వచ్చిన మా వాచ్‌మన్ దాన్ని చూసి, "ఇది పొడపత్రి అమ్మా, షుగరుకు మంచిది" అన్నాడు. ఆ మాట చెవిన పడగానే నాన్న ఆకు తుంచి నమలబోయారు. నేను నమలనివ్వలేదు.

వాచ్‌మన్ మీద అనుమానంతో కాదు. మేకమేయని ఆకు అనే మరో తీగ ఉంది. అదీ ఇదీ ఒకే కుటుంబం, రెండింటికీ ఆకులు ఎదురెదురుగానే వస్తాయి. అది కడుపులోకి వెళితే వాంతులే. ఫోనులో ఫొటో తీసి వెతికితే ఒక్కో ఫొటోకు ఒక్కో పేరు వచ్చింది. ఇక పూత వచ్చేదాకా ఆగడమే నయమనిపించింది.

భూతద్దంలో చూస్తే లేత కాడల మీద, ఆకుల మీద మెత్తని నూగు కనిపించింది. వానలు పడ్డాక ఆకుల మొదళ్లలో చిన్న చిన్న పసుపు పూలు గుత్తులుగా వచ్చాయి. మేకమేయని ఆకు పూలలో ఊదా ఛాయ ఉంటుంది, వీటిలో లేదు. పూలతో ఉన్న రెమ్మను వార్తాపత్రికల మధ్య ఆరబెట్టి ఆంధ్ర విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగానికి పట్టుకెళ్లాను. అక్కడ దాచిన ఎండు నమూనాలతో పోల్చి జిమ్నీమా సిల్వెస్ట్రే, అంటే పొడపత్రే అని తేల్చారు.

నాలుక పరీక్ష ఆ తర్వాతే. ఆకు నమిలి చక్కెర వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంది. మాడుగుల హల్వాలో నెయ్యి తెలిసింది గానీ తీపి జాడ లేదు. ఉప్పు, పులుపు మామూలుగానే తెలిశాయి. ఆకులోని జిమ్నీమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే గ్రాహకాలను కాసేపు అడ్డుకుంటాయి. నాలుకకు తీపి తెలియనంత మాత్రాన రక్తంలో చక్కెర తగ్గినట్టు కాదు. ఇది నాన్నకు ఎక్కించడానికి చాలా ఓపిక పట్టింది.

పెంచడానికి కంబాలకొండ నుంచి మొక్క తెచ్చుకోమని ఒకరి సలహా. అది అభయారణ్యం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నది. అక్కడ మొక్క పీకడం నేరం. నర్సరీలో "షుగర్ మొక్క" అని అడిగితే స్టీవియా చేతిలో పెట్టారు. తీపిని చంపే ఆకు కోసం వెళితే తీపి ఆకు! చివరికి స్థలం యజమానిని అడిగి కంచె మీది ముదురు కొమ్మలే తీసుకున్నాను.

మూడు నాలుగు కణుపులుండే ముక్కలు కోసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటాను. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపిన మట్టి అది. పైన పాలిథిన్ సంచి కప్పి నీడన ఉంచాను. నీళ్లు నిలిచిన కుండీల్లో ముక్కలు కుళ్లాయి, మిగతావి చిగురించాయి. డాబా మీద సముద్రపు గాలి సూటిగా తగిలే వైపు చిగుళ్లు మాడుతుంటే పిట్టగోడ చాటుకు జరిపాను. పేనుబంకకు వేపనూనె కలిపిన నీళ్లు చాలాయి.

ఎండిన ఆకు పొడి చేద్దామని నాన్న తొందర. డాక్టరుగారు మాత్రం, మాత్రలకు ఇది తోడైతే చక్కెర మరీ పడిపోవచ్చు, తనకు చెప్పకుండా మొదలుపెట్టవద్దన్నారు. నాన్న అలిగారు. ఆకులు నీడన ఆరబెట్టి సీసాలో పోసి, ఆ సీసాను ఆయనకు అందని అలమరలో పెట్టాను.