ఉమ్మడి గోడ ఇల్లా, ఇండిపెండెంటా? మా ఆవిడ పగటి నిద్ర కోసం మేం తిరిగిన తిరుగుడు

మా ఆవిడ నర్సు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీనే, పొద్దున ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చి రెండు ఇడ్లీ తిని తొమ్మిదికల్లా పడుకుంటే రెండింటిదాకా నిద్రపోవాలి, లేకపోతే మళ్ళీ రాత్రికి మనిషి మనిషిగా ఉండదు. నెల్లూరు బాలాజీనగర్‌లో మేం అద్దెకున్న పోర్షన్‌లో సరిగ్గా ఆ టైముకే పైనోళ్ళు మంచం జరుపుతారు, పక్కోళ్ళు మిక్సీ వేస్తారు, కింద ఓనరుగారి టీవీలో రాత్రి చూసిన సీరియల్‌నే మళ్ళీ పెడతారు. ఎవర్నీ తప్పుపట్టలేం, పగలు ఎవరిళ్ళల్లో పనులు వాళ్ళు చేసుకోకుండా ఎట్టా ఉంటారు. అందుకే సొంతిల్లు అనుకున్నప్పుడు చప్పుడు ముందు, వాస్తు తర్వాత అనుకున్నాం. మా మామ ఒప్పుకోలేదు, ఆయన దిక్సూచి యాప్ వేసుకుని ప్రతి ఇంటికీ వెంట వచ్చాడు, అది వేరే కథ.

మా బడ్జెట్‌కి 18 అంకణాలకి మించి కుదరదని ముందే తెలుసు. (నెల్లూరోళ్ళకి అంకణం అంటే 72 చదరపు అడుగులు. తిరుపతి వైపు 36 లెక్క, మా తోడల్లుడు ఆ తేడా తెలీక అక్కడ ప్లాటు రేటు విని ఎగిరి గంతేశాడు.) ఆ సైజులో దొరికేవి రెండే రకాలు, ఒకటి చిన్న ఇండిపెండెంట్ ఇల్లు, రెండోది పక్కింటితో గోడ కలిసున్న జంట ఇల్లు, ఫారిన్‌లో సెమీ డిటాచ్డ్ అంటారంట. అందరూ చెప్పింది ఒకటే, ఇంకో అయిదు లక్షలు అప్పు చేసైనా ఇండిపెండెంట్ తీసుకో అబ్బయా, గోడ కలిస్తే గొడవే అని. మేమూ అదే నమ్మాం.

మొదట చూసింది మూలాపేటలో, అన్నదమ్ములు పంచుకుని మధ్యలో గోడ కట్టేసిన పాత ఇల్లు. రేటు చానా తక్కువ. మా ఆవిడ నేరుగా పక్కింట్లోకెళ్ళి "అక్కా, ఏమీ అనుకోకుండా ఒక్కసారి మిక్సీ వేస్తారా" అని అడిగింది. ఆమె "ఏందమ్మా, మిక్సీ కొంటావా" అంది. విషయం చెప్తే నవ్వి పప్పుల పొడికని పెట్టుకున్న వేయించిన శనగపప్పు వేసి తిప్పింది. ఇవతల నేను గోడకి చెయ్యి ఆనించి నిలబడున్నా, శబ్దం చెవికంటే ముందు అరిచేతికి తగిలింది. నాలుగున్నర అంగుళాల గోడ అది. దానికితోడు రెండు పక్కలా స్విచ్ బోర్డులు వీపు వీపు ఆనించినట్టు ఒకే చోట పెట్టారు, అంటే అక్కడ గోడే లేదన్నమాట, రెండు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి అంతే. ఆమె ఫోన్లో ఎవరితోనో "ఎవురో వచ్చుండారు, మిక్సీ వేసి చూపిచ్చమంటుండారు" అంటుంటే ఆ బోర్డులోంచి మాట మాటా వినపడింది. థర్మోకోల్ అంటిస్తే సరిపోద్ది సార్ అన్నాడు బ్రోకరు. థర్మోకోల్‌కి బరువెక్కడిది, శబ్దాన్ని ఆపేది బరువు. ఆ బరువైనా రెట్టింపు చేస్తే శబ్దం ఆరు డెసిబెల్స్ (చప్పుడుని కొలిచే లెక్క) దాకా తగ్గుద్దేమో, మన చెవికి సగం తగ్గినట్టు అనిపించాలంటే పది తగ్గాలి. వదిలేశాం.

తర్వాత కొండాయపాళెం వైపు ఇండిపెండెంట్ ఇల్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, మామ యాప్ కూడా ఓకే అంది. సాయంత్రం ఆరింటికి చూసినప్పుడు పిట్ట చప్పుడు లేదు, అడ్వాన్స్ ఇచ్చేద్దాం అనుకున్నాం. మా ఆవిడే "నేను పడుకునేది సాయంత్రం కాదుగా" అని, శనివారం పొద్దున పదింటికి మళ్ళీ పోదాం అంది. పోయాం. పక్కింటికీ దీనికీ మధ్య ఒక సందు, ఆ సందులో సరిగ్గా మా బెడ్‌రూమ్ కిటికీ కింద వాళ్ళ మోటరు. అది ఆన్ చేస్తే రెండు గోడల మధ్య చప్పుడు అటూ ఇటూ కొట్టుకుని డబ్బాలో రాయి వేసినట్టు ఉంది. ఫోన్లో సౌండ్ మీటర్ పెడితే 61 డెసిబెల్స్ చూపించింది. ఫోన్ మీటర్ కరెక్ట్ అని కాదు, ఇంటికీ ఇంటికీ పోల్చుకోడానికి పనికొస్తుంది. 2000లో వచ్చిన కేంద్రం రూల్స్‌లో ఇళ్ళుండే ఏరియాకి పగలు 55, రాత్రి పది దాటాక పొద్దున ఆరు దాకా 45 అని ఉంది, రాత్రి మేలుకుని పగలు నిద్రపోయే వాళ్ళకి ఆ 45 ఎందుకూ పనికిరాదు. కిటికీలు మూస్తే 48కి దిగింది. నెల్లూరులో మే నెల కిటికీలు మూసుకుని ఉండాలంటే ఇక ఏసీ బిల్లు కట్టుకోవాల్సిందే.

గోడ కలవకపోతే పక్కోళ్ళ మాటలు, టీవీ గోడలోంచి రావు, నిజమే, కానీ కిటికీలోంచి వచ్చేవి వస్తాయి. ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదు.

మూడోది ధనలక్ష్మీపురంలో జంట ఇల్లు. ఇండిపెండెంట్ కంటే తొమ్మిది లక్షలు తక్కువ. ఇక్కడ నేను మేస్త్రీని పట్టుకున్నా. "మధ్య గోడ తొమ్మిది అంగుళాలు సార్, ఇటుకే, తేలిక బ్లాకులు కాదు. స్లాబు మాత్రం రెండిళ్ళకీ ఒకటే పోశాం" అన్నాడు. రెండు గోడలు విడివిడిగా లేపి, స్లాబు కూడా మధ్యలో తెంపి పోసుంటే ఇంకా మంచిది, ఆ రేటుకి అది దొరకదు. కానీ ప్లాన్ చూడండి, ఆ గోడకి రెండు వైపులా మెట్లూ హాలూ ఉన్నాయి, పడక గదులు ఎవరివి వాళ్ళకి ఆ చివర. నాకు అక్కడే నచ్చింది.

మా ఆవిడ ఇంకో టెస్ట్ పెట్టింది. నైట్ డ్యూటీ దిగి ఇంటికి రాకుండా నేరుగా ఆ ఇంటికే వచ్చి, బెడ్‌రూమ్‌లో కింద రెండు పేపర్లు పరుచుకుని, హ్యాండ్ బ్యాగ్ తలకింద పెట్టుకుని పడుకుంది. పక్కింట్లో అప్పటికే ఒక ఫ్యామిలీ దిగుంది. నేను వాచ్‌మన్‌తో బయట మెట్ల మీద కూర్చున్నా, అతను "అమ్మకి ఒంట్లో బాగలేదా సార్" అని రెండుసార్లు అడిగాడు. నలభై నిమిషాలు గురకపెట్టి నిద్రపోయింది. లేచి "ఇదే" అంది.

బ్యాంకులో కొంచెం తిప్పారు, రెండిళ్ళకీ కలిపి ఒకే ప్లాన్ ఉందని లీగల్ ఆయన పట్టుకున్నాడు, డోర్ నంబర్లూ పన్ను అసెస్‌మెంటూ విడివిడిగా చేయించి ఇచ్చాక లోన్ వచ్చింది. దస్తావేజులో మధ్య గోడ ఉమ్మడి అని, ఒకరికి చెప్పకుండా ఇంకొకరు దాన్ని తవ్వకూడదని రాయించుకున్నాం. ఆ ఒక్క లైనుకి నేను పట్టుబట్టాల్సి వచ్చింది.

దిగాక మరి చప్పుళ్ళు లేవా అంటే ఉన్నాయి. వాళ్ళ వాషింగ్ మెషిన్ గోడకి ఆనుకునుంటే స్పిన్‌లో మా షోకేసులో గ్లాసులు మోగేవి, చెప్తే బెత్తెడు జరిపి కింద రబ్బరు మ్యాట్ వేశారు, పోయింది. నన్ను ఏడిపించింది ఉయ్యాల బల్ల. పక్కింటి అవ్వ పదకొండింటికి భోంచేసి ఊగుద్ది. ఆ కొక్కేలు స్లాబుకి ఉన్నాయి, స్లాబు ఇద్దరిదీ ఒకటే, కిర్రు కిర్రుమని అది ఆ చివర బెడ్‌రూమ్ దాకా నడిచొచ్చేది, టీవీ మాత్రం ఒక్కసారి కూడా వినపడలేదు. వారం ఓర్చుకుని, ఒకరోజు నూనె డబ్బా తీసుకుని పోయా. "అవ్వా, ఉయ్యాలకి కొంచెం నూనె వేస్తా" అంటే "వేయి నాయనా, నాకూ ఆ కిర్రుమనేది చిరాగ్గానే ఉండాది" అంది. నూనెతో సగమే తగ్గింది. కొక్కేనికీ గొలుసుకీ మధ్య పాత బైకు రబ్బరు బుష్‌లు కట్టాక ఆగింది.

ఇక మిగిలింది మా వైపు తప్పే. మా మోటరు పైపు క్లాంపులు మధ్య గోడకే బిగించారు, నీళ్ళెక్కేటప్పుడు వాళ్ళ హాలంతా గుయ్యిమంటుందంట. పైపు అవతలి గోడకి మార్చమని ప్లంబర్‌కి చెప్పా, ఆదివారం వస్తానన్నాడు, పొద్దున కాకుండా మూడు దాటాక రమ్మన్నా.