హీటర్ కొనే ముందు అగరుబత్తి వెలిగించండి

ఇంగ్లాండులోని లీడ్స్‌లో నేను చేసేది అద్దె ఇళ్ళ మరమ్మతు పని. మా ఆవిడ అక్కడ నర్సు, నేను డిపెండెంటు వీసా మీద వెళ్ళినవాణ్ణి. అంతకుముందు విశాఖలో మల్కాపురం వైపు రిఫైనరీ కాంట్రాక్టు పనుల్లో ఆవిరి పైపులకు లాగింగ్, అంటే వేడి పోకుండా తొడుగు వేసే పని, చేయించేవాణ్ణి. పైపుకు గ్లాస్ ఊల్ చుట్టించి, పైన అల్యూమినియం రేకు బిగించి, వంపుల దగ్గర ముక్కలు కోయించి సందు లేకుండా అతికించాలి. వేసవిలో ఆ ఊలు చేతులకు అంటుకుంటే రాత్రంతా దురదే. విశాఖలో నేర్చిన ఆ పనే ఇప్పుడు లీడ్స్‌లో నాకు అన్నం పెడుతోంది. పైపులో ఆవిరి చల్లారకుండా చూడడం, ఇంట్లో మనిషి వణకకుండా చూడడం, రెండూ ఒకే విద్య.

ప్రస్తుతం సెలవు మీద మర్రిపాలెంలో అమ్మ దగ్గర ఉన్నాను. మా అక్క కూతురు జనవరిలో లీడ్స్‌కి చదువుకోవడానికి వస్తోంది. దాని సూట్‌కేసు సర్దుడు చుట్టూనే ఇల్లంతా తిరుగుతోంది. విశాఖలో పుట్టి పెరిగిన పిల్ల. చలంటే లంబసింగికి వెళ్ళి ఫొటో దిగి రావడమే దానికి తెలిసింది.

"మావయ్యా, రూమ్ హీటర్ ఇక్కడే కొనుక్కోనా, అక్కడ చవగ్గా దొరుకుతుందా?" అని అడిగింది.

"ముందు గది చూడాలమ్మా. హీటర్ సంగతి తర్వాత" అన్నాను.

మనవాళ్ళు మొదటి చలికాలం రాగానే పరిగెత్తుకెళ్ళి కొనేది హీటరే. రెండు కిలోవాట్ల హీటరు గంటసేపు వేస్తే రెండు యూనిట్లు కాలుతుంది. మన ఈపీడీసీఎల్ కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే అక్కడా యూనిట్. 2022 అక్టోబరులో, ప్రభుత్వం ధరలకు కళ్ళెం వేశాక కూడా, కరెంటు యూనిట్ సగటున 34 పెన్స్, గ్యాస్ యూనిట్ 10 పెన్స్ చిల్లర ఉండేది. అంటే ఆ హీటరు ఒక్క గంట తిరిగితే 68 పెన్స్, అప్పటి మారకం లెక్కన 60 రూపాయల పైమాటే. తర్వాత ధరలు దిగాయి గానీ, గ్యాసు కన్నా కరెంటు కొన్ని రెట్లు ఖరీదన్న మాట మారలేదు. నైట్ డ్యూటీలు చేసి సంపాదించిన డబ్బు కిటికీ సందులోంచి వీధిలోకి పోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఇదంతా రాయడం అందుకే.

అసలు కిటుకు చిన్నదే. గ్లాస్ ఊల్ గొప్పతనం గాజులో లేదు, ఆ పోగుల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలిలో ఉంది. కదలని గాలి వేడిని తొందరగా దాటనివ్వదు. కదిలే గాలి వేడిని ఎత్తుకుపోతుంది. ఇంట్లో మనం చేయాల్సిందల్లా పోయే గాలిని ఆపడం, గోడకీ కిటికీకీ దగ్గర్లో కదలని గాలిపొర ఒకటి ఏర్పాటు చేయడం. ఆ ఎరుక ఉంటే సగం పనులు ఎవరూ చెప్పకుండానే తోస్తాయి.

లీడ్స్‌లోనే బీస్టన్ అనే పేటలో, పక్కిళ్ళతో గోడ కలిపి వరసగా కట్టిన ఓ పాత టెర్రస్ ఇంట్లో నలుగురు అమ్మాయిలు కలిసి ఉండేవారు. కాకినాడ, అనకాపల్లి వైపు వాళ్ళు, కేర్ హోమ్‌లో పని. "బాయిలర్ పాడైందేమో అన్నయ్యా, ఎంతసేపు వేసినా హాలు వెచ్చబడట్లేదు" అని ఫోన్ చేశారు. వెళ్ళి చూస్తే బాయిలర్ నిక్షేపంగా ఉంది. రేడియేటర్లు, అంటే బాయిలర్ కాచిన నీళ్ళు తిరిగి గదిని వెచ్చబెట్టే గోడ పలకలు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దు గుంకింది, బయట గాలి విసురుగా ఉంది. సందులు వెతకడానికి అలాంటి గాలి రోజే మంచిది.

వాళ్ళ దేవుడి అర దగ్గర అగరుబత్తి ఒకటి అడిగి వెలిగించాను. కిటికీలు, తలుపులు అన్నీ మూయించి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయించాను. ఫ్యాను లోపలి గాలిని బయటికి లాగుతుంటే, సందుల్లోంచి బయటి గాలి ఇంకా గట్టిగా లోపలికి వస్తుంది. హాలు నడిమధ్యలో పొగ సన్నటి దారంలా నిలువుగా లేచింది. వీధి తలుపు దగ్గరికి తీసుకెళ్ళేసరికి, ఉత్తరాలు వేసే కంత ముందు ఆ దారం అడ్డంగా వంగి లోపలికి పరిగెత్తింది. తాళం రంధ్రం దగ్గరా అంతే. గడప దగ్గర బత్తి వంచి పట్టుకుంటే పొగ పైకి లేవకుండా నేలబారున పాకుతూ మెట్ల వైపు వెళ్ళింది. తర్వాత ఫ్యాను ఆపించి, మేడమెట్లెక్కి అటక మూత కింద పట్టుకున్నాం. అక్కడ వ్యవహారం తిరగబడింది, పొగ మూత అంచులోంచి పైకి పోతోంది. వేడి గాలి తేలిక కాబట్టి పైన సందు దొరికితే పోతుంది. పోయినంత గాలి కింది నుంచి చల్లగా వచ్చి చేరుతుంది. డబ్బు పెట్టి వేడి చేసిన గాలి అటకలోకి పోతుంటే, ఆ నలుగురూ దుప్పట్లు కప్పుకుని సోఫాలో కూర్చున్నారు. (బత్తిని కర్టెన్లకు దూరంగా పట్టుకోవాలి, స్మోక్ అలారం కింద పట్టుకోకూడదు.)

ఆ సాయంత్రం చేసిన పనులేవీ పెద్ద పనులు కావు. ఉత్తరాల కంతకు లోపలి వైపు బ్రష్ ఉన్న పట్టీ, తాళం రంధ్రానికి పక్కకు జరిగే చిన్న మూత, తలుపు అడుగున బ్రష్ స్ట్రిప్, ఫ్రేము చుట్టూ జిగురున్న ఫోమ్ స్ట్రిప్, అటక మూత అంచుకు కూడా అదే. అన్నీ హార్డ్‌వేర్ షాపులో దొరికేవే. ఫోమ్ అంటించే ముందు ఫ్రేము మీద దుమ్ము, జిడ్డు తుడిచి ఆరనివ్వాలి, లేకపోతే నెల తిరక్కుండా ఊడిపోతుంది. మందం విషయంలో తొందరపడకూడదు. సందు కన్నా బాగా మందంగా ఉంటే తలుపు పడదు, పలచగా ఉంటే ఉండీ లేనట్టే. ఒక కాగితం ముక్క పెట్టి తలుపు మూసి లాగండి. కాగితం సులువుగా జారి వచ్చేస్తే అక్కడ ఫోమ్ నొక్కుకోవడం లేదన్న మాట. కాస్త బిగువుగా వస్తే సరిపోయినట్టు.

కిటికీల విషయం వేరు. పాత ఇళ్ళలో ఒంటి గాజు కిటికీలు ఇంకా చాలానే ఉన్నాయి. గాజు పక్కన నిలబడితే కిటికీ మూసే ఉన్నా భుజానికి చలి కొడుతుంది. సందు లేకపోయినా గాజు గుండానే వేడి పోతుంది. ఫ్రేము చుట్టూ రెండు వైపులా అంటుకునే టేపు వేసి, దాని మీద పలచటి ప్లాస్టిక్ ఫిల్మ్ పరిచి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి గాలి పడితే ఫిల్మ్ ముడతలు పోయి బిగుసుకుంటుంది. గాజుకీ ఫిల్మ్‌కీ మధ్య కదలని గాలి నిలుస్తుంది. చలికాలం పోయాక పీకేయొచ్చు. అయితే మంట అంటుకుంటే బయటపడడానికి ఆ కిటికీయే దారి అయ్యే గదిలో దాన్ని మూసేయకండి. ఫిల్మ్ కుదరకపోతే మందపాటి కర్టెన్లు వేసి, పొద్దు వాలగానే దగ్గరికి లాగేయండి. కర్టెను రేడియేటర్ మీద పడకూడదు. పడితే వేడంతా కర్టెను వెనక కిటికీకే పోతుంది, గదిలోకి రాదు. సోఫా కూడా రేడియేటర్‌కి ఆనించి వేయొద్దు.

రేడియేటర్ వెనక మెరిసే రేకు అంటించే పని గురించి అందరూ అడుగుతారు. మెరిసే వైపు గదిలోకి ఉండాలి, బయటి గోడకు ఉన్న రేడియేటర్‌కే చేయాలి. లాభం కొద్దిగానే ఉంటుంది. నన్నడిగితే ముందు సందులు, తర్వాత కిటికీలు, ఆ తర్వాతే రేకు. వేడి నీళ్ళ ట్యాంకు ఉన్న ఇల్లయితే దానికి 80 మిల్లీమీటర్ల జాకెట్ తొడిగి ఉందో లేదో చూడండి. లేకపోతే అదే మొదటి పని. బయటికి కనిపించే పైపులు సాధారణంగా 15, 22 మిల్లీమీటర్ల సైజుల్లో ఉంటాయి. వాటికి నిలువునా కోసి ఉన్న ఫోమ్ గొట్టాలు దొరుకుతాయి. వంపు దగ్గర రెండు ముక్కల్నీ 45 డిగ్రీల ఏటవాలుగా కోసి, అంచుకు అంచు ఆనించి టేపు వేయాలి. మల్కాపురంలో మా మేస్త్రీ వంపుల దగ్గరే పనివాడి చేతి నైపుణ్యం చూసేవాడు. వేడి జారిపోయేది అక్కడే.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది తడి గురించి. లాగింగ్ పనిలో మొదటి పాఠం ఇదే: ఊలు తడిస్తే దండగ. పోగుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరితే వేడి సులువుగా దాటిపోతుంది. ఇంటి గోడకూ అదే నియమం. లీడ్స్‌లో హేర్‌హిల్స్ లాంటి చోట్ల వీపుకు వీపు ఆనించి కట్టిన ఇళ్ళు వరసలు వరసలుగా ఉంటాయి. అక్కడ అలాంటివి 1937 దాకా కట్టారు. మూడు వైపులా పక్కింటి గోడలే, ఒక్క ముందు గోడే బయటికి. వేడి పోయే గోడ ఒక్కటే కాబట్టి ఆ మేరకు మేలే, కానీ ఓ వైపు నుంచి వచ్చి మరో వైపు పోయే గాలి ఉండదు. విశాఖలో మనం ఇల్లు కట్టుకునేటప్పుడే సముద్రం గాలి ఏ కిటికీలోంచి వచ్చి ఏ కిటికీలోంచి పోతుందో చూసుకుంటాం. అక్కడ ఆ సదుపాయం లేని ఇంట్లో నలుగురు ఉంటూ, కుక్కర్లో అన్నం వండుతూ, ఉతికిన బట్టలు రేడియేటర్ల మీద ఆరేస్తూ ఉంటే ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? చల్లటి గోడ మీద నీరై దిగుతుంది. బీరువా వెనక నల్ల బూజు పడుతుంది. పిల్లలకు దగ్గు పట్టుకుంటుంది. గోడ తడిగా ఉన్నంత కాలం హీటింగ్ ఎంత వేసినా గది చలిగానే ఉంటుంది.

అందుకని సందులు మూయాలి గానీ ఇల్లు బిగించేయకూడదు. వంటింటి ఎగ్జాస్ట్, బాత్రూమ్ ఫ్యాను వాడండి. గిన్నెల మీద మూతలు పెట్టండి. వంటయ్యాక, స్నానాలయ్యాక ఆ గది తలుపు మూసి కిటికీ ఓ పది నిమిషాలు తెరవండి. ఆ కాసేపట్లో గాలి మారుతుంది, గోడలు మాత్రం చల్లబడిపోవు. బీరువాలు, మంచాలు బయటి గోడకు జానెడు దూరంలో వేయండి. కిటికీ ఫ్రేము పైన ఉండే సన్నటి గాలి చీలికలు కావాలని పెట్టినవి, మూయొద్దు. గోడ అడుగున బయట కనిపించే రంధ్రాల ఇటుకలు అసలు ముట్టుకోవద్దు. చెక్క నేల కింద గాలి ఆడడానికే వాటిని పెడతారు, మూస్తే దూలాలు కుళ్ళుతాయి. గ్యాసు మంట ఉన్న గదిలో గాలిదారి మూస్తే ప్రాణానికే ముప్పు. మంట సరిగా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన లేదు, రంగు లేదు. 2022 అక్టోబరు 1 నుంచి ఇంగ్లాండులో గ్యాస్ బాయిలర్ లాంటివి ఉన్న గదిలో ఇంటి యజమాని ఆ వాయువును పసిగట్టే అలారం పెట్టి తీరాలి. గ్యాస్ స్టవ్ మాత్రమే ఉన్న గదికి ఆ నిబంధన వర్తించదు, అలాంటి గదికి మీరే ఒకటి కొనుక్కోండి. నా మాటగా చెప్తున్నాను, హీటర్ కన్నా ముందు అది కొనండి.

కొన్ని పనులు మన చేతిలో ఉండవు. అటకలో 270 మిల్లీమీటర్ల మందాన ఊలు పరవాలని అక్కడి సలహా. అద్దెకున్నవాళ్ళు అది చేయలేరు, యజమానిని అడగాలి. మనవాళ్ళు అడగడానికి జంకుతారు. ఓ యజమాని ఇంట్లో బూజు పట్టిన గోడకు ఏటా రంగు వేయించి సరిపెట్టేవాడు. అద్దెకున్న మన కుటుంబం, వీసా మీద ఉన్నాం కదా, గొడవెందుకని ఊరుకుంది. గొడవ పడక్కర్లేదు. ఫొటోలు తీసి, తేదీ వేసి, ఈమెయిల్ పంపండి. ఫోమ్ స్ట్రిప్పులూ ఫిల్మూ వేసుకుంటామని కూడా ముందే రాసి అనుమతి తీసుకోండి, డిపాజిట్ దగ్గర పేచీ రాదు.

ఇదే విద్య విశాఖలోనూ పనికొస్తుంది. మొన్న మా అన్నయ్య వాళ్ళింట్లో ఏసీ గది తలుపు కింద వేలు పట్టేంత సందు ఉంటే బ్రష్ స్ట్రిప్ బిగించాను. అక్కడ పోయేది వేడి, ఇక్కడ పోయేది చల్లదనం.

మేనకోడలికి నేను ఇక్కణ్ణుంచే చేయించిన పని ఒకటుంది. ఇంగ్లాండులో ఇల్లు మొత్తంగా అద్దెకిచ్చేటప్పుడు దానికి ఎనర్జీ సర్టిఫికెట్ ఉండాలి. ఇల్లు కరెంటు, గ్యాసు ఎంత పొదుపుగా వాడుతుందో చెప్పే కాగితం అది. 'ఏ' (A) నుంచి 'జీ' (G) దాకా గ్రేడులు ఉంటాయి, A అన్నిటికన్నా మేలు. 2020 ఏప్రిల్ నుంచి కొన్ని మినహాయింపులు పోను కనీసం 'ఈ' (E) గ్రేడు లేని ఇల్లు అద్దెకు ఇవ్వకూడదు. పోస్ట్‌కోడ్ కొడితే ఆ సర్టిఫికెట్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. గోడ ఎలాంటిదో, అటకలో ఊలు ఎంతుందో, కిటికీలు ఒంటి గాజువో జంట గాజువో అందులో రాసి ఉంటుంది. మర్రిపాలెంలో మంచం మీద కూర్చుని, అదీ దాని స్నేహితురాళ్ళూ కలిసి తీసుకోవాలనుకుంటున్న ఇళ్ళు వెతికించాను. యూనివర్సిటీకి దగ్గర్లో ఉన్న ఇంటికి 'ఈ' (E) గ్రేడు, ఊలు లేని ఒట్టి ఇటుక గోడ. బస్సు దూరంలో ఉన్నదానికి 'సీ' (C) గ్రేడు, జంట గాజు కిటికీలు, అద్దె కాస్త ఎక్కువ.

"దూరం కదా మావయ్యా" అంది.

"బస్సులో హీటింగ్ ఉంటుందమ్మా" అన్నాను. సీ గ్రేడు ఇంటికే డిపాజిట్ కట్టారు.