పాండా రక్తం

నాది ఓ నెగెటివ్ రక్తం. గుంటూరులో పాప పుట్టినప్పుడు కాన్పు కాగానే నెగెటివ్ రక్తమున్న తల్లులకి ఇచ్చే యాంటీ-డి ఇంజక్షన్ ఇచ్చారు, ఫైలు మీద ఎర్ర ఇంకుతో రాశారు. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాను. మళ్ళీ గుర్తు చేసింది 2014 అక్టోబరులో, చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసుపత్రిలో ఒక నర్సు.

మావారికి అప్పట్లో ఫోషాన్ నుంచి టైల్స్ ఎగుమతి చేసే పని. మా కాపురం పక్కనే గ్వాంగ్‌జౌలో. ఆ ఏడాది గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లో డెంగీ విరుచుకుపడింది. 45 వేలకు పైగా కేసులు, అందులో ఎక్కువ భాగం గ్వాంగ్‌జౌలోనే. మా అపార్ట్‌మెంట్ కింద రోజూ దోమల పొగ కొట్టేవాళ్ళు. అయినా జ్వరం వచ్చినప్పుడు నాకు డెంగీ అని తట్టలేదు. అది మన ఊళ్ళలో జబ్బు, ఇక్కడేమిటి అనుకున్నాను.

తెలిసినవాళ్ళు చెప్పారని ముందు విదేశీయులు వెళ్ళే ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్ళాం. సోఫాలు, కాఫీ, అందరూ ఇంగ్లీషే. డాక్టరు చూసినందుకే 900 యువాన్లు. కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళు విరిచేసినట్టు ఉందని ఎంత చెప్పినా ఆయన ఫ్లూ అని తేల్చేసి ఇబుప్రోఫెన్ రాసిచ్చాడు. రక్తపరీక్ష లేదు. డెంగీ ఉన్నవాళ్ళకి ఆ మాత్ర ఇస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, పారాసిటమాల్ మాత్రమే వాడాలి. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆయనకి ముందే తెలియాలి కదా! ఊరంతా డెంగీతో మూలుగుతుంటే చుక్క రక్తం తీసి చూడటానికి ఏం అడ్డమొచ్చింది? ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మూడో రోజు కింది అంతస్తులో ఉండే పెద్దావిడ నా చేతుల మీద ఎర్రటి దద్దుర్లు చూసింది. నేను ఆవిడని ఆయీ అని పిలిచేదాన్ని. ఆ మాటకి అర్థం అమ్మ చెల్లెలు, అంటే మన పిన్ని. ఆవిడ నన్ను టాక్సీలో కూర్చోబెట్టి ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ఆసుపత్రులకి గ్రేడులుంటాయి, అన్నింటికంటే పైది సాన్‌జియా, అంటే మూడో గ్రేడులో మొదటి తరగతి. దారంతా ఆవిడ మూడు వేళ్ళు చూపిస్తూ అదే మాట అంటూనే ఉంది. జ్వరం కేసులకి వేరే విభాగం, వేరే గుమ్మం. 2003లో సార్స్ వచ్చాక పెట్టిన ఏర్పాటట. నమోదుకి పది యువాన్లు కూడా కాలేదు. పరీక్షకో కిటికీ, డబ్బు కట్టడానికో కిటికీ, అన్నింటి దగ్గరా ఆయీయే నిలబడింది. సాయంత్రానికల్లా డెంగీ అని తేలింది, దోమతెర కట్టిన మంచం మీద పడుకోబెట్టారు. నన్ను కుట్టిన దోమ ఇంకొకరిని కుట్టకూడదని ఆ తెర.

ఐదో రోజు జ్వరం దిగింది. నేను హమ్మయ్య అనుకున్నాను కానీ డాక్టరమ్మ ముఖంలో ఆ నిశ్చింత కనిపించలేదు. డెంగీలో అసలు గండం జ్వరం దిగాకే మొదలవుతుందని అప్పుడు నాకు తెలియదు. రిపోర్టులో ప్లేట్‌లెట్లు 21 అని ఉంది. మావారు అదే అంకె ఫోన్లో చదివితే, విజయవాడలో మా అమ్మ "ఇరవై ఒకటేనా, వేలు లేవా!" అని కేక పెట్టి ఏడ్చిందట. వాళ్ళు లెక్క రాసే తీరు వేరు. అక్కడ 21 అంటే మనకి 21 వేలు. అది అర్థమయ్యాక ఇంకో గోల. మా తమ్ముడు "ఇక్కడైతే ఈపాటికి ప్లేట్‌లెట్లు ఎక్కించేసేవాళ్ళు, వాళ్ళకేం చేతకాదు" అని గంటకోసారి ఫోన్. అమ్మ బొప్పాయి ఆకు రసం అంటుంది. పాపనీ నన్నూ చూసుకుంటూ బొప్పాయి చెట్టు కోసం ఎక్కడ తిరుగుతారు మావారు?

ఆ రాత్రి పాప కోసం మావారు ఇంటికి వెళ్ళిపోయారు. పదకొండు దాటాక పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం వచ్చింది. భయపడి బెల్ కొట్టాను. వచ్చిన చిన్న నర్సు నా ఫైలు చూసి, ఇంకో నర్సుతో ఏదో అని నవ్వింది. వాళ్ళ మాటల్లో ఒకటి పదేపదే వినిపించింది, శ్యోంగ్‌మావ్ శ్యుయె. ఫోన్లో ఆ శబ్దం పలికితే పాండా రక్తం అని అనువాదం వచ్చింది. చైనాలో నెగెటివ్ రక్తం వందలో ఒకరికి కూడా ఉండదు, అందుకే పాండా పేరు. ఆ పిల్ల నా వైపు తిరిగి, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో "దొరకడం చాలా కష్టం" అని చెప్పి వెళ్ళిపోయింది.

రెండు గంటలు తెరలో కూర్చుని నోట్లో రక్తం రుచి చూసుకుంటూ ఉన్నాను. పాపకి జడలు ఎవరు వేస్తారు అన్న ఒక్క ఆలోచనే. నవరాత్రులు నడుస్తున్నాయి. కనకదుర్గమ్మ పేరు తప్ప నోటికి ఇంకేమీ రాలేదు.

రాత్రి ఒంటిగంట దాటాక డ్యూటీ డాక్టరమ్మ వచ్చింది. నా ముఖం చూసి స్టూలు లాక్కుని కూర్చుంది. కాగితం మీద ఒక గొట్టం గీసి, దాని గోడల్లోంచి చుక్కలు కారుతున్నట్టు వేసింది. రక్తంలోని నీరు రక్తనాళాల్లోంచి బయటికి కారిపోతుందని, తను ప్లేట్‌లెట్ల కంటే రక్తం చిక్కబడటాన్నే ఎక్కువగా చూస్తోందని, సెలైన్ కొలిచి ఎక్కిస్తున్నది అందుకేనని ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుని చెప్పింది. రక్తస్రావం ఎక్కువైతే తప్ప ప్లేట్‌లెట్లు ఎక్కించనంది. చివర్లో, మీ గ్రూపు రక్తం కోసం మధ్యాహ్నమే రక్తకేంద్రంతో మాట్లాడి పెట్టాం అంది.

మధ్యాహ్నమే! ఆ ఒక్క మాట ఆ చిన్న నర్సు చెప్పి ఉంటే నాకు ఆ రెండు గంటల నరకం ఉండేది కాదు. డాక్టరమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాను. ఆవిడ కంగారుపడి నీళ్ళు తాగించింది, వేడినీళ్ళు. అక్కడ ఏ జబ్బుకైనా ముందు వేడినీళ్ళే.

ఆ రాత్రి తర్వాత మూడో రోజుకి ప్లేట్‌లెట్ల లెక్క 68కి పెరిగింది. అమ్మవారు కాపాడిందని అమ్మ అంటుంది, నేనూ అదే అంటాను. ఆ తల్లి ఆ రాత్రి తెల్లకోటు వేసుకుని స్టూలు మీద కూర్చుందని మాత్రం కలిపి చెబుతాను. తర్వాత మావారు ఆ క్లినిక్‌కి రిపోర్టు తీసుకెళ్ళి చూపిస్తే, "డెంగీ మీ దేశంలో మామూలే కదా, మీకే అనుమానం రావాల్సింది" అన్నాడట ఆ డాక్టరు. ఎప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండిపోతుంది.

మా అక్క కొడుకుకి ఈ మధ్య షెన్‌జెన్‌లో ఉద్యోగం వచ్చింది. సోఫాలు చూసి మోసపోవద్దని, నీ జబ్బు రోజూ చూసే ప్రభుత్వ పెద్దాసుపత్రికే వెళ్ళమని, పక్కింటివాళ్ళతో మంచిగా ఉండమని చెప్పాను. రక్తం గ్రూపు చైనీస్‌లో రాయించి పర్సులో పెట్టుకోరా అన్నాను.

"నాది బి పాజిటివ్, పిన్నీ" అన్నాడు.

అయినా రాయించుకో అన్నాను.