ఒక అంగుళానికి ఒక అడుగు

మా ఊరి గ్రంథాలయానికి మూడు మెట్లు. ఆ మెట్లను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను గానీ నా అంతట నేను లోపలికి వెళ్లింది నిరుడే. చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి, వీల్‌చైర్‌లోనే తిరుగుతాను. ఏ పుస్తకం కావాలన్నా మా తమ్ముడు తెచ్చేవాడు. బీరువాల ముందు నిలబడి ఏరుకునేది వాడు, చదివేది నేను.

"మేం ఎత్తుకుని లోపల కూర్చోబెడతాం కదమ్మా" అనేవారు అక్కడివాళ్లు. మంచి మనసుతోనే అనేవారు. కానీ రోజూ ఇద్దరు మగవాళ్లు నన్ను చేతుల మీద మోసుకెళ్లాలి. మధ్యలో బయటికి రావాలంటే మళ్లీ వాళ్లనే పిలవాలి. అది తలచుకుంటేనే గేటు దగ్గర నుంచి వెనక్కి తిరిగేదాన్ని.

ర్యాంపు కట్టమని అర్జీ పెట్టాను. "బడ్జెట్ రాగానే చూస్తాం" అన్నారు. రెండో అర్జీకీ అదే జవాబు. అప్పుడు వికలాంగుల హక్కుల చట్టం తెచ్చుకుని కూర్చుని చదివాను. 1995 నాటి పాత చట్టంలోనూ ర్యాంపుల మాట ఉంది. అయితే దాని పక్కనే "ఆర్థిక స్తోమత మేరకు" అనే షరతు ఉంది. నాకు వచ్చిన జవాబు అచ్చంగా ఆ కాలం నాటిది. 2016 చట్టం 45వ సెక్షన్‌లో ఆ షరతు లేదు. జనం వాడే పాత భవనాలన్నిటినీ రూల్స్ వచ్చిన ఐదేళ్లలోపు మాలాంటివాళ్లు వాడుకునేలా మార్చాలని ఉంది. రూల్స్ వచ్చింది 2017 జూన్ 15న. అంటే గడువు 2022లోనే దాటిపోయింది. ఆ లెక్క వేసుకున్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్నాళ్లూ నేను సాయం అడుగుతున్నాననుకున్నాను.

మూడో అర్జీలో సెక్షన్ నంబరు, గడువు తేదీ రాసి, సోమవారం ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకున్నాను. రెండు నెలలకు ర్యాంపు వచ్చింది. ఎంతో ఆశతో వెళ్లాను. సగం దూరం ఎక్కేసరికి ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. తమ్ముడు వెనక పట్టుకోకపోతే వెల్లకిలా పడేదాన్ని. పొడవు ఐదడుగులే. ఫోటో తీసి పైకి పంపారు, ఫైలు మూసేశారు.

నిజంగా నీరసం వచ్చింది అప్పుడే. మొదటిసారి లేదన్నప్పుడు పోట్లాడటం తేలిక. కట్టాం కదా అన్నాక ఏమని అడగాలి? ఊళ్లో కూడా "ఇంకా ఏం కావాలట?" అన్నవాళ్లున్నారు.

దారి చూపింది కొలత. ప్రమాణం ఒకటికి పన్నెండు: ఎత్తు ఒక అంగుళం ఉంటే ర్యాంపు పొడవు ఒక అడుగు ఉండాలి. ఆరంగుళాల మెట్లు మూడంటే 18 అంగుళాలు, అంటే 18 అడుగులు. టేపు పెట్టి ఫోటోలు తీసి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పంపాను. 82వ సెక్షన్ ప్రకారం ఆ కమిషనర్‌కు సాక్షులను, కాగితాలను రప్పించడంలో సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. నోటీసు వెళ్లిన తర్వాత ఇంజనీరు వచ్చారు, వెంట మేస్త్రీ.

"ఇంత పొడుగెందుకక్కా, సిమెంటు దండగ" అన్నాడు మేస్త్రీ. నేను అరుగు మీదికి మారి, "తమ్ముడూ, నా కుర్చీలో కూర్చుని ఇది ఒక్కసారి ఎక్కి చూడు" అన్నాను. రోజూ ఇటుకలు మోసే చేతులు అతనివి. రెండుసార్లు ప్రయత్నించి దిగిపోయాడు. మళ్లీ మాట్లాడలేదు, టేపు తీశాడు. ముందు స్థలం చాలక మధ్యలో మలుపు తిప్పాల్సి వచ్చింది. ఆ మలుపులో కుర్చీ తిరగడానికి ఐదడుగుల చదును, రెండు పక్కలా పట్టుకునే కమ్మీలు పెట్టించింది అతనే.

ఆ ర్యాంపు ఎక్కి లోపలికి వెళ్లిన రోజు నేనేమీ చదవలేదు. బీరువాల మధ్య ఊరికే తిరిగాను. పుస్తకాల వీపుల మీద పేర్లు వరసగా చదువుకుంటూ పోవడం ఎంత బాగుంటుందో నాకు అంతవరకు తెలియదు.

2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు, చూపు లోపమున్న రాజీవ్ రతూరి అనే ఆయన వేసిన కేసులో, ఇలాంటి ప్రమాణాలు వట్టి సూచనలుగా మిగలకూడదని, తప్పనిసరి రూల్స్‌గా చేయాలని కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వికలాంగుల అధ్యయన కేంద్రం. అది చదివినప్పుడు మా మేస్త్రీ టేపే గుర్తొచ్చింది.

ఏటా డిసెంబర్ 3న వికలాంగుల దినోత్సవానికి సభ ఉంటుంది, శాలువాలు కప్పుతారు, ట్రైసైకిళ్లు పంచుతారు. నేనూ వెళ్తాను. కానీ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం దొరికిన డిసెంబర్ 27 ఎవరికీ గుర్తుండదు. ఈ డిసెంబర్‌కి పదేళ్లు నిండుతాయి. మేం నలుగురం ఆ రోజుకి ఒక పని పెట్టుకున్నాం. పొద్దున్నే టేపు, కాగితం తీసుకుని మా ఊరి తహసీల్దారు ఆఫీసుకు వెళ్తాం. అక్కడ మెట్లు ఏడు. అంటే 42 అడుగులు కావాలి. పక్కన ఖాళీ స్థలముంది, సరిపోతుంది.