సెక్షన్ 45 నోటికొచ్చినా మొదటిసారి ఎందుకు పోయింది?

సివిల్ జడ్జి లిస్టులో నా నంబర్ చూసుకుని నాలుగు రోజులైంది. సిలబస్ సంగతి మీకు తెలిసిందే. నన్ను మొదటిసారి ముంచిన ప్రశ్న గురించే చెప్తాను.

చేతిరాత నిపుణుడి అభిప్రాయం ఒక్కదాని మీదే శిక్ష వేయవచ్చా అని, చిన్న కేసు ఇచ్చి అడిగారు. నిపుణుల అభిప్రాయం గురించి చెప్పే పాత ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 45 రాశాను. సుప్రీంకోర్టు తీర్పులు మురారీ లాల్ 1980, జై లాల్ 1999 రాశాను. "అభిప్రాయం సలహా మాత్రమే" అని ముగించాను. ఇచ్చిన కేసులో దాన్ని నమ్మాలా వద్దా అన్నది ఎక్కడా తేల్చలేదు. ఆ పేపర్‌లోనే పోయింది.

తర్వాత ఒక ఫోర్జరీ కేసు విచారణకి వెళ్లి కూర్చున్నాను. చీఫ్‌లో, అంటే పిలిచిన వైపు లాయర్ అడిగినప్పుడు, నిపుణుడు క్యూ1 (అనుమానం ఉన్న సంతకం), ఎస్1 నుంచి ఎస్6 (పోల్చడానికి ఇచ్చిన అసలు సంతకాలు) ఒకరివి కావన్నారు, అంతే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో డిఫెన్స్ లాయర్ "ఏం చూసి చెప్తున్నారు?" అన్నారు. ఆయన పెద్దవి చేసిన ఫొటోలు తీశారు. అసలు సంతకాల్లో చివరి గీత ఒక్క ఊపులో పోయింది. క్యూ1లో అదే గీత మధ్యలో పెన్ను ఎత్తి మళ్లీ పెట్టిన జాడ, పక్కనే వణుకు. జడ్జిగారు ఫొటో తెప్పించుకుని స్వయంగా చూశారు.

జై లాల్ తీర్పు నాకు అక్కడ అర్థమైంది. జడ్జి సొంతంగా తేల్చుకోవడానికి కావాల్సిన శాస్త్రీయ ప్రమాణాలు ఇవ్వడమే నిపుణుడి పని. మురారీ లాల్ కూడా అంతే: కారణాలు గట్టిగా ఉండి, అనుమానం కలిగించే సాక్ష్యం లేకపోతే, వేరే బలం లేకుండానే ఒప్పుకోవచ్చు.

2024 జూలై 1 నుంచి పాత ఎవిడెన్స్ యాక్ట్ స్థానంలో వచ్చిన సాక్ష్య అధినియమ్‌లో పాత 45 ఇప్పుడు 39. కొత్త 45 అంటే అభిప్రాయానికి కారణాలు, అంటే పాత 51. ఇక్కడ తడబడకండి.

కోచింగ్ మానేసి కోర్టుల్లో కూర్చుంటున్నానని చాలామంది తప్పుపట్టారు. నేను టైమ్ వృథా చేయలేదు. రోజూ ఆరింటికి లేచి ఒక జవాబు రాశాకే బయటికెళ్లేవాణ్ణి, జ్వరమొచ్చినా మానలేదు. అంత పట్టుదల లేకుండా ఈ పరీక్ష జోలికి రావద్దు.

రెండోసారి పరీక్షలో రక్తపు కత్తి, ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు ఉన్న కేసు ఇచ్చారు. నిపుణుణ్ణి పిలవకపోయినా బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 329 కింద రిపోర్టు చదవొచ్చని రెండు లైన్లలో రాశాను. మిగతా పేజీన్నర, ల్యాబ్ చూసింది దొరికిన ఆ కత్తినేనా అని తేల్చే సీల్ మీదే: మధ్యవర్తుల రిపోర్టులో (కత్తి స్వాధీనం చేసుకున్నప్పుడు సాక్షుల ముందు రాసిన పంచనామాలో) సీల్ వేసినట్టు ఉందా, ల్యాబ్‌కి చేరేదాకా కత్తి ఎవరి దగ్గరుంది, అందిన సీల్ నమూనా సీల్‌తో సరిపోయిందా.